మొలలు అనే మాట వెనక

కనిగిరి నుంచి వెలిగండ్ల వైపు వెళ్ళే దారిలో గోడలు చదువుకుంటూ పోవచ్చు. సిమెంటు, పురుగుమందులు, పార్టీల రంగులు, ఇంటర్ కాలేజీల ర్యాంకులు. వాటి మధ్యలో ఊరి మొదట్లోనో చివర్లోనో ఒక రాత కనపడుతుంది: మొలలు, ఫిషర్, భగందరం, ఆపరేషన్ లేకుండా గ్యారంటీ వైద్యం. కింద ఫోన్ నెంబరు. పొదిలి పోయినా ఇదే, మార్కాపురం, గిద్దలూరు పోయినా ఇదే. ఇంట్లో భార్యాభర్తలు కూడా ఒకరితో ఒకరు చెప్పుకోని సంగతి ఊరి గోడ మీద మూడడుగుల అక్షరాల్లో ఉంటుంది.

మా అమ్మ వైపు వాళ్ళది వెలిగండ్ల మండలం. ఆ దారిలో తిరిగినప్పుడల్లా ఈ గోడల గురించి ఆలోచించేవాణ్ణి. ఇళ్ళల్లో మాట్లాడుకోరు కాబట్టే గోడకు అంత గిరాకీ అని నా లెక్క. ఎవరినీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా ఆ నెంబరు ఒకటి ఫోన్లో ఎక్కించుకుని పోవచ్చు.

ఈ వ్యాసం మొలల కోసం రాయట్లేదు. ఆ మాట కింద ఏళ్ళ తరబడి దాక్కోగల ఇంకో జబ్బు ఉంది, పెద్దపేగు క్యాన్సర్. మలద్వారానికి దగ్గర్లో ఉండే పురీషనాళంలో వచ్చినా, పైన పెద్దపేగులో వచ్చినా కలిపి ఆ పేరుతోనే పిలుస్తున్నాను. ప్రపంచంలో ఎక్కువమందికి వచ్చే క్యాన్సర్లలో ఇది మూడోది, మరణాల్లో రెండోది. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో 19 లక్షలమందికి పైగా కొత్తగా ఈ జబ్బు బయటపడింది, 9 లక్షలమంది దాకా చనిపోయారు. మన దేశంలో కొత్త కేసులు సుమారు 70 వేలు. దీని చరిత్ర చదువుతూ పోతే నాకు కనపడింది ఏంటంటే, అందులో చాలా భాగం తప్పు పేర్ల చరిత్ర.

బయటికి పోవడం

తెలుగులో ఈ పనికి ఎన్ని పేర్లున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. బయటికి పోవడం, బహిర్భూమి, దొడ్డికి, చెంబు పట్టుకుని పోవడం, చెరువు కాడికి, కంచెల్లోకి. ఇప్పుడైతే బాత్రూమ్‌కి, వాష్‌రూమ్‌కి. అన్నీ చోట్ల పేర్లు, కాకపోతే చేతిలో పట్టుకునే వస్తువు పేరు. దొడ్డి అంటే ఇంటి వెనక పెరడు, పశువుల్ని తోలే చోటు. చోటు మారినప్పుడల్లా మాట మారింది. పదార్థానికి మాత్రం నలుగురిలో అనదగ్గ పేరు ఒక్కటీ నిలవలేదు. అచ్చతెలుగు మాట తిట్టయింది, సంస్కృతం మాట పుస్తకాల్లో ఉండిపోయింది. డాక్టరు కూడా "మోషన్ ఫ్రీగా అవుతోందా?" అనే అడుగుతాడు. "ఆఁ, అవుతోంది సార్" అంటాం. అక్కడితో ఆ సంగతి ముగుస్తుంది.

మాట సంగతి అలా ఉంచి చూపు సంగతి చూద్దాం. ఈ ఊళ్ళలో నిన్నమొన్నటి దాకా ఆడవాళ్ళు తెల్లారకముందో పొద్దుగూకాకో వెళ్ళేవాళ్ళు. పగలు కుదరదు. దీనివల్ల ఆడవాళ్ళకు వచ్చిన కష్టాల గురించి, భయాల గురించి చాలామంది రాశారు. నాకు తోచే మరో సంగతి ఇది: పెద్దపేగు క్యాన్సర్ ముందుగా పంపే కబుర్లలో ముఖ్యమైనది రక్తం. చీకట్లో కంపచెట్ల చాటున కూర్చుని లేచొచ్చే మనిషికి ఆ కబురు అందే దారేది? స్వచ్ఛ భారత్ 2014లో మొదలైంది. ఆ తర్వాతి పదేళ్ళలో చాలా ఇళ్ళల్లోకి మరుగుదొడ్డి, దాంట్లోకి బల్బు, తెల్లటి పింగాణీ వచ్చాయి. అంటే మన అవ్వల్లో చాలామందికి తమ ఒంట్లోంచి బయటికొచ్చేదాన్ని వెలుతురులో చూసే వీలు అరవై దాటాకగాని దొరకలేదు. చూసినదాన్ని చెప్పుకునే మాట ఇంకా రాలేదు.

మద్రాసులో ఒక చెల్లెలు

ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. దానికి ముందు కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లావి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లావి. అంతకుముందు అంతా మద్రాసు ప్రెసిడెన్సీ. వెలిగండ్ల మనిషికి పెద్ద జబ్బొస్తే పెద్దాసుపత్రి అంటే నెల్లూరు, అదీ దాటితే మద్రాసు. కాబట్టి మన కథ కూడా మద్రాసు మీదుగానే పోవాలి.

డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరు దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం పోరాడిన మనిషిగా, మద్రాసు శాసనమండలిలో తొలి మహిళా సభ్యురాలిగా మీరు వినే ఉంటారు. ఆవిడ 1912లో మద్రాసు మెడికల్ కాలేజీలో పట్టా పుచ్చుకుంది. 1920ల మొదట్లో ఆవిడ చెల్లెలు జబ్బుపడింది. చాలాకాలం రక్త విరేచనాలే అనుకుని వైద్యం చేశారు. అది పురీషనాళంలో క్యాన్సర్ అని తేలేసరికి చేయగలిగింది ఏమీ లేదు. ఆ చెల్లెలు చిన్న వయసులోనే పోయింది.

అక్క డాక్టరు. ఊరు మద్రాసు. అప్పటికి దక్షిణాదిలో అంతకంటే మెరుగైన వైద్యం దొరికే చోటు లేదు. అయినా తప్పు పేరు పడింది. ఆ రోజుల్లో రక్త విరేచనాలు ఇంటింటా ఉండే జబ్బు, అందుకే ముందు ఆ పేరే గుర్తుకొచ్చి ఉంటుంది. ముత్తులక్ష్మి ఆ తర్వాత ఇంగ్లండు వెళ్ళి చదువుకుంది. తిరిగొచ్చాక క్యాన్సర్‌కు ప్రత్యేకంగా ఆసుపత్రి కావాలని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉంది. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1954లో అడయార్‌లో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. నెల్లూరు వైపు నుంచి, మన పశ్చిమ ప్రకాశం నుంచి రెండు మూడు తరాల రోగులు "అడయారు పోయొచ్చాం" అని చెప్పుకున్న ఆసుపత్రి అదే. దాని పునాదిలో తప్పు పేరు పడ్డ ఒక పేగు క్యాన్సర్ ఉందని చాలామందికి తెలియదు.

లండన్‌లో మొలల ఆసుపత్రి

మొలల గురించి మన పాతవైద్యానికి తెలియక కాదు. సుశ్రుత సంహితలో అర్శస్సులను ఆరు రకాలుగా విడదీశారు. మందు, క్షారం, కాల్చడం, కోయడం అని నాలుగు దారులు చెప్పారు. సంస్కృతంలో వాటిని మాంసపు కీలలన్నారు. తెలుగులో మొల అంటే మేకు అనే అర్థం కూడా ఉంది. వేలికి తగిలేదాన్ని, కంటికి కనపడేదాన్ని ఆ వైద్యులు జాగ్రత్తగా చూశారు. వేలు అందని చోట ఏముందో చూసే సాధనం ఎవరి దగ్గరా లేదు.

ఇంగ్లండులోనూ ఇది సిగ్గుపడే జబ్బే. 1835లో ఫ్రెడరిక్ సామన్ అనే సర్జన్ లండన్‌లో ఏడు పడకలతో భగందరం, తదితర మలద్వార వ్యాధులతో బాధపడే పేదల కోసం ఒక వైద్యశాల పెట్టాడు. చార్లెస్ డికెన్స్ 1841లో భగందరానికి ఆపరేషన్ చేయించుకున్నది ఈ సామన్ చేతనే, అదీ మత్తుమందు లేని కాలంలో. ఆ చిన్న వైద్యశాలే తర్వాత సెయింట్ మార్క్స్ ఆసుపత్రి అయింది.

మొలలని, భగందరమని వచ్చిన వాళ్ళందరినీ ఒకేచోట, ఒకే రకం శ్రద్ధతో చూడటం వల్ల అక్కడి వాళ్ళకు మరెవరికీ కనపడనివి కనపడ్డాయి. 1920ల్లో లాక్‌హార్ట్ మమ్మరీ అనే సర్జన్, కత్‌బర్ట్ డ్యూక్స్ అనే పాథాలజిస్టు కలిసి పేగు లోపలి గోడ మీద పుట్టే చిన్న కండలను, ఇప్పుడు పాలిప్ అంటున్నవాటిని, క్యాన్సర్‌కు ముందు దశగా గుర్తించారు. 1932లో డ్యూక్స్ ఈ క్యాన్సర్‌ను దశలుగా విడగొట్టాడు: పేగు గోడలోపలే ఉందా, గోడ దాటిందా, లింఫు గ్రంథులకు పాకిందా. రోగి బతుకుతాడా లేదా అన్నది ఎక్కువగా దీన్నిబట్టే ఉంటుందని చూపించాడు. ఇవాళ్టి దశల లెక్కలకు మూలం అదే.

ఈ రెంటినీ కలిపితే చాలా పెద్ద సంగతి బయటపడుతుంది. పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళ దాకా పడుతుంది. అన్ని పాలిప్‌లూ మారవు, కానీ చాలా పేగు క్యాన్సర్లు పాలిప్‌గానే మొదలవుతాయి. పదేళ్ళ వ్యవధి ఇచ్చే క్యాన్సర్లు ఎన్నుంటాయి చెప్పండి? 1969లో న్యూయార్క్‌లో షిన్యా, వుల్ఫ్ అనే ఇద్దరు డాక్టర్లు కొలనోస్కోపు గొట్టంలోంచే తీగ ఉచ్చు పంపి, పొట్ట కోయకుండా పాలిప్‌ను తీసేశారు. అప్పటినుంచి ఈ క్యాన్సర్‌ను ముందే పసిగట్టడం మాత్రమే కాదు, రాకుండా ఆపడం కూడా కుదురుతోంది.

నీళ్ళ ఊళ్ళు

మళ్ళీ మన ఊళ్ళకొద్దాం. వైద్య చరిత్రలో కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతానికి ఒక చోటుంది, ఫ్లోరైడ్ వల్ల. 1937లో షార్ట్, ఆయన తోటి పరిశోధకులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ గురించి రాసిన పత్రాలు మన దేశంలో ఆ జబ్బును గుర్తించిన తొలి పత్రాలు. దానికి కొన్నేళ్ళ ముందే రైతులు తమ ఎడ్లు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారని చెబుతారు. డాక్టర్ల కంటే ముందు రైతు చూశాడు. పళ్ళ మీద గార, వంగిన వెన్ను, ముడుచుకోని మోకాలు, ఇవి దాస్తే దాగేవి కావు. ఊరంతా చూసింది, అధికార్లు చూశారు, పేపర్లు రాశాయి. మంచినీటి కోసం ఇప్పటికీ జరుగుతున్న పోరాటానికి బలం ఆ కనపడటంలోనే ఉంది. ఈమధ్య కిడ్నీ జబ్బులు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి.

కానీ దీనికి ఇంకో పక్క ఉంది. నీళ్ళు చెడ్డవని తెలిసిన ఊళ్ళో ఏ జబ్బొచ్చినా నీళ్ళ ఖాతాలోనే పడుతుంది. కడుపుబ్బరం, మలబద్ధకం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం: "ఈ నీళ్ళతోనేలే." ఇలాంటి ముసుగులు పేగు క్యాన్సర్‌కు మన దగ్గర నాలుగున్నాయి. మొదటిది మొలలు. రెండోది వేడి: రక్తం పడితే "వేడి చేసింది, మజ్జిగ తాగు, సబ్జాలు నానబెట్టుకో" అంటారు. మూడోది నీళ్ళు. నాలుగోది రక్తం తక్కువవడం.

నాలుగోదాని గురించి కాస్త ఆగి చెప్పాలి. పెద్దపేగు కుడివైపు భాగంలో వచ్చే క్యాన్సర్ చాలాసార్లు కంటికి రక్తం చూపించదు. లోపల కొంచెం కొంచెంగా కారుతూ మనిషిని పాలిపోయేలా చేస్తుంది. ఆయాసం, నీరసం. డాక్టరు పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదో ఏడో ఉంటుంది. ఐరన్ మాత్రలు రాసిస్తారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం, మగవాళ్ళలో 25 శాతం రక్తహీనతతో ఉన్నారు. ఇంతమందిలో ఒకరి రక్తహీనతకు కారణం పేగులో ఉందని ఎవరికి తడుతుంది? యాభై దాటిన మగవాళ్ళకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకు ఐరన్ తగ్గి రక్తహీనత వస్తే, ఆ రక్తం ఎటు పోతోందని అడగడం వైద్యంలో ప్రాథమిక సూత్రం. ఆ ప్రశ్న డాక్టరు అడక్కపోతే మనమే అడగాలి.

మా పెదనాన్న ఒకాయన రెండేళ్ళు మొలలకు వైద్యం చేయించుకున్నాడు. ముందు పసరు, తర్వాత గోడ మీద నెంబరు, ఆ తర్వాత ఇంజెక్షన్లు. ఎక్కడికి పోయినా ఆయన చెప్పిందే రాసుకున్నారు గాని, ఒక్కరూ గ్లవ్ వేసుకుని వేలితో పరీక్ష చేయలేదు. చివరికి మలం సన్నగా దారంలా వస్తోందని, ఎంతసేపు కూర్చున్నా ఇంకా మిగిలినట్టే ఉందని సిగ్గు విడిచి చెప్పాడు. అప్పుడు చూసిన డాక్టరుకు ఒక నిమిషంలో గడ్డ వేలికి తగిలింది. అప్పటికే కాలేయానికి పాకింది. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ ఆయన మొలలతోనే పోయాడంటారు.

ఆ మాట వినగానే నాకు వంశ చరిత్ర గుర్తొస్తుంది. అమెరికాలో 1895లో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే డాక్టరు దగ్గరికి బట్టలు కుట్టే ఒకావిడ వచ్చి, మా ఇంట్లో అందరూ పేగుల్లోనో గర్భాశయంలోనో క్యాన్సరొచ్చి పోతున్నారు, నేనూ అలాగే పోతానని బాధపడింది. ఆయన ఆ కుటుంబం వివరాలన్నీ సేకరించి 1913లో అచ్చువేశాడు. 1960ల్లో హెన్రీ లించ్ ఆ పనిని ముందుకు తీసుకెళ్ళాడు. వారసత్వంగా వచ్చే పేగు క్యాన్సర్లలో ముఖ్యమైనదాన్ని ఇవాళ లించ్ సిండ్రోమ్ అంటున్నాం. ఆవిడకు తన వాళ్ళు దేనితో పోయారో తెలుసు కాబట్టి అది సాధ్యమైంది. మనల్ని డాక్టరు "ఫ్యామిలీలో ఎవరికైనా ఉందా?" అని అడిగితే ఏం చెప్తాం? తాత కడుపునొప్పితో పోయాడు. అవ్వ తిండి పడక పోయింది. కడుపంటే పొట్టా, పేగులా, గర్భమా అన్నది కూడా మన భాషలో విడిగా తెలియదు.

చూడకుండా చూసే పరీక్ష

కంటికి కనపడని రక్తాన్ని పట్టుకునే పరీక్షకు మూలం ఒక చెట్టు బంక. వెస్టిండీస్ వైపు పెరిగే గ్వాయాకం చెట్టు బంక రక్తం తగిలితే నీలంగా మారుతుంది. 1864లో వాన్ డీన్ అనే డచ్చి శాస్త్రవేత్త రక్తాన్ని గుర్తించడానికి దాన్ని వాడాడు. 1901లో జర్మన్ డాక్టర్ ఇస్మార్ బోయాస్, జీర్ణకోశ క్యాన్సర్లలో మలంలోకి కంటికి కనపడని రక్తం వస్తుందని, దాన్ని పరీక్షతో పట్టుకోవచ్చని చూపించాడు. 1960ల చివర అమెరికాలో డేవిడ్ గ్రీగర్ ఆ బంక పూసిన అట్టముక్కల్ని రోగులకిచ్చి ఇంటి దగ్గరే నమూనా పూసి పంపమన్నాడు. ఏ బాధా లేని వాళ్ళలో కూడా క్యాన్సర్లు దొరికాయి, అదీ తొలిదశలో.

నమ్మకం కుదరడానికి ఇంకో పాతికేళ్ళు పట్టింది. మిన్నెసోటాలో 50–80 ఏళ్ళ మధ్య వయసున్న 46 వేలమందికి పైగా మనుషులను ఏళ్ళ తరబడి గమనించి 1993లో ఫలితాలు చెప్పారు: ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించుకున్న వాళ్ళలో పేగు క్యాన్సర్ మరణాలు మూడోవంతు తగ్గాయి. అప్పటికే 1992లో జపాన్ ఇంకా మెరుగైన ఫిట్ అనే పరీక్షను నలభై దాటిన వాళ్ళందరికీ మొదలుపెట్టింది. అది మనిషి రక్తాన్ని మాత్రమే గుర్తిస్తుంది, ముందురోజు మాంసం తిన్నా తేడా రాదు. చిన్న గొట్టంలో పుల్లతో అంటించి ఇస్తే చాలు. పాజిటివ్ వస్తే క్యాన్సర్ ఉన్నట్టు కాదు. కొలనోస్కోపీ చేసి లోపల చూడాలని అర్థం.

సంగటి, బియ్యం, పొగాకు

డెనిస్ బర్కిట్ అనే ఐరిష్ సర్జన్ ఉగాండాలో ఇరవై ఏళ్ళు పనిచేశాడు. ఐరోపాలో అంత ఎక్కువగా ఉన్న పేగు క్యాన్సర్ ఆఫ్రికా పల్లెల్లో ఎందుకు అంత తక్కువని ఆయన ప్రశ్న. జనం మలం ఎంత బరువుంటుంది, తిన్నది బయటికి రావడానికి ఎన్ని గంటలు పడుతుంది అని లెక్కలు తీశాడు. పొలాల్లో తిరిగి ఫొటోలు కూడా తీశాడు. 1971లో ఆయన చెప్పింది: పీచు ఎక్కువున్న తిండి ఈ జబ్బును దూరం పెడుతుంది. ఆయన చెప్పినంత తేలిక కాదని తర్వాత తెలిసింది గానీ, పీచు, ముడిధాన్యాలు ముప్పు తగ్గిస్తాయన్న మాట నిలబడింది.

మన మెట్ట ఊళ్ళు కూడా ఒకప్పుడు అలాంటివే. సజ్జ, జొన్న, కొర్ర, కంది, అలసంద. బియ్యం అన్నం పండగనాటి మాట. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చాక ఆకలి తగ్గింది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపునిండిన మనకు లేదు. అయితే అదే కాలంలో సజ్జ సంగటి పళ్ళెంలోంచి మెల్లగా వెళ్ళిపోయింది. ఇప్పుడది హైదరాబాదులో మిల్లెట్ కేఫ్‌లో మనకు కనపడుతోంది.

పొగాకు సంగతి ఇంకా చేదు. కనిగిరిలో, పొదిలిలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. పెళ్ళిళ్ళు, చదువులు, బోర్లు అన్నీ దాని మీదే. పొగాకంటే మనకు నోరు, ఊపిరితిత్తులే గుర్తొస్తాయి. పొగతాగడం పెద్దపేగు క్యాన్సర్‌కు కూడా కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2009లో తేల్చింది. 2015లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని ఆ జాబితాలోనే చేర్చింది. మద్యం, ఊబకాయం, షుగరు, రోజంతా కూర్చునే పని, ఇవీ ముప్పు పెంచేవే. ఈ చివరి వరసలో ఎక్కువగా ఉన్నది వెలిగండ్ల రైతు కాదు, అక్కణ్ణించి గచ్చిబౌలికో వైట్‌ఫీల్డ్‌కో వచ్చిన ఆయన పిల్లలు.

ఇది ముసలివాళ్ళ జబ్బులే అనుకోవడానికీ లేదు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 2017లో ప్రకటించిన ఎనిమిది వందలమంది రోగుల లెక్కలో సగటు వయసు 47. అమెరికాలో యువతలో కేసులు పెరగడం చూసి, పరీక్షలు మొదలుపెట్టే వయసును 2021లో 50 నుంచి 45కు దించారు. బ్లాక్ పాంథర్ హీరో చాడ్విక్ బోస్‌మన్ 2020లో దీనితోనే పోయాడు. అతని వయసు 43.

పేరు పెట్టి చెప్పినవాళ్ళు

1985 జులైలో అమెరికా అధ్యక్షుడు రీగన్ పెద్దపేగులోంచి పెద్ద కండ తీశారు, అందులో క్యాన్సర్ ఉంది. రెండడుగుల పేగు కోసేశారు. అధ్యక్షుడి పేగు బొమ్మ దేశమంతటా పేపర్లలో, టీవీల్లో వచ్చింది. ఆ వారం క్యాన్సర్ సమాచార కేంద్రాలకు ఫోన్లు ఆగలేదు. 2000లో కేటీ కూరిక్ అనే టీవీ యాంకర్, 42 ఏళ్ళకే భర్తను ఈ జబ్బు తీసుకుపోయాక, తన కొలనోస్కోపీని టీవీలో చూపించింది. ఆ తర్వాత నెలల్లో అమెరికాలో కొలనోస్కోపీలు పెరిగాయని పరిశోధకులు లెక్కకట్టారు.

మనకూ అలాంటి ఘట్టం ఒకటుంది. 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు పత్రికలవాళ్ళను పిలిచి తనకు క్యాన్సరొచ్చిందని తనే చెప్పాడు. ఆపరేషన్ తర్వాత కూడా మనం సినిమాకు పనిచేశాడు. 2014 జనవరి 22న చనిపోయాడు. తొంభై ఏళ్ళ మనిషి దాచుకోకుండా చెప్పడం పెద్ద సంగతి. అయితే వార్తల్లో అది కొన్నిచోట్ల కడుపు క్యాన్సరయింది, కొన్నిచోట్ల పేగు క్యాన్సరయింది. అంత ధైర్యంగా చెప్పిన మాట కూడా మన భాషలోకి వచ్చేసరికి కడుపు అనే ఆ పెద్ద సంచీలోనే పడింది.

చికిత్స విషయంలో మనం గర్వపడే ముక్క ఒకటి చెప్తాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. అమెరికాలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఇవాళ ప్రపంచమంతటా పేగు క్యాన్సర్‌కు ఇచ్చే కీమోల్లో ముఖ్యమైనది ఫోల్‌ఫాక్స్. ఆ పేరులో మొదటి ముక్క ఫోలినిక్ ఆమ్లానిది, అంటే ఆ ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టానిది. అడయారులోనో హైదరాబాదులోనో సెలైన్ సీసా కింద పడుకున్న కనిగిరి మనిషి ఒంట్లోకి ఆ తెలుగువాడి పని కూడా కొంచెం ఎక్కుతోంది.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదవాళ్ళకు క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో అందాయి. కానీ జబ్బు తేలాకే ఏ పథకమైనా. అమెరికా లెక్కల్లో, పేగు గోడ దాటకముందు దొరికిన వాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది ఐదేళ్ళు దాటి బతుకుతున్నారు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే ఏడుగురిలో ఒకరు. మందు ఒకటే, డాక్టర్లూ వాళ్ళే. తేడా ఎప్పుడు దొరికిందనే దగ్గరే.

మనం అడగాల్సింది

2016లో కేంద్రం తెచ్చిన స్క్రీనింగ్ పద్ధతిలో ముప్ఫై దాటిన వాళ్ళకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలున్నాయి. పెద్దపేగు అందులో లేదు. మన దగ్గర ఈ జబ్బు పశ్చిమ దేశాలంత ఎక్కువ కాదు, ఉన్న డబ్బును ఎక్కువ ఉన్నవాటి మీద పెట్టడంలో న్యాయముంది. కాకపోతే దాని అర్థం, ఈ జబ్బు విషయంలో ఆశా కార్యకర్త మన గడప తొక్కదని. మనంతట మనమే తెలుసుకోవాలి.

తెలుసుకోవాల్సింది ఎక్కువేం లేదు. మలంలో రక్తం, ఎర్రగా గాని నల్లగా గాని. మూడు వారాలకు మించి అలవాటు మారడం: ఎప్పుడూ లేని విరేచనాలు, ఎప్పుడూ లేని మలబద్ధకం, లేదా రెండూ మార్చి మార్చి రావడం. సన్నగా రావడం. వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపించడం. కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం తగ్గడం, పొట్టలో నొప్పి లేదా గడ్డ. వీటిలో చాలావాటికి కారణం మామూలు జబ్బే అవుతుంది. రక్తం పడేవాళ్ళలో ఎక్కువమందికి నిజంగా మొలలే ఉంటాయి. ఉన్నది మొలలేనని డాక్టరు చూసి చెప్పాలి, అంతే. మొలలున్న మనిషికి క్యాన్సర్ రాకూడదని కూడా ఏమీ లేదు.

ఏ బాధా లేకపోయినా 45–50 దాటిన వాళ్ళు ఫిట్ పరీక్ష గురించి, కొలనోస్కోపీ గురించి డాక్టరుతో మాట్లాడొచ్చు. అమ్మానాన్నల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా ఈ జబ్బొచ్చి ఉంటే ఇంకా ముందే: నలభై ఏళ్ళకు, లేదా వాళ్ళకు వచ్చిన వయసుకు పదేళ్ళ ముందు, ఏది ముందైతే అది. ఏళ్ళ తరబడి పేగుపూత ఉన్నవాళ్ళ లెక్క వేరు, వాళ్ళు తమ డాక్టరు చెప్పినట్టు చూపించుకుంటూ ఉండాలి. ఫిట్ పరీక్షను పెద్ద ల్యాబుల్లో చేస్తారు. గ్లవ్ వేసుకుని వేలితో చేసే పరీక్షకు యంత్రమేదీ అక్కర్లేదు, ఏ డాక్టరైనా చేయగలడు. హైదరాబాదులో ప్రపంచమంతా పేరున్న ఎండోస్కోపీ కేంద్రాలున్నాయి. వెలిగండ్ల మనిషిని అక్కడిదాకా నడిపించేది ఎవరో ఒకరు వేసే మొదటి ప్రశ్నే.

ఆ ప్రశ్న వేయగలిగింది మీరే. మీకు మోషన్ అనే మాట పలకడానికి సిగ్గు లేదు, ఫోన్లో వెతికే వీలుంది, నెల జీతముంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అరుగు మీద నాయన పక్కన కూర్చుని అడగండి: "నాయనా, మోషన్‌లో రక్తమేమన్నా పడతందా?" పోయిన తాత కడుపునొప్పి గురించి, ఎన్నేళ్ళకు మొదలైందో, ఎంత చిక్కిపోయాడో అవ్వను అడిగి రాసిపెట్టుకోండి. మీ పిల్లల డాక్టరుకు అది పనికొస్తుంది. నాయన ముందు కసురుకుంటాడు. తర్వాత, "ఆఁ, ఎప్పుడన్నా పడతది, మొలలే లేరా" అంటాడు. అప్పుడు రెండో ప్రశ్న అడగండి.

"ఎవరు చూసి చెప్పారు నాయనా?"